దొంగ సందులో దొరగారు

జూన్ 4

పిచ్చుకా,

అమ్మమ్మని రాస్తున్నాను. ఉత్తరం చూడగానే కంగారు పడకు, ఇంట్లో అందరూ బాగానే ఉన్నారు. అందరూ అంటే నేనూ, పిల్లీ. పిల్లి నిన్నట్నుంచి తుమ్ముతోంది, అది వేరే సంగతి.

ఫోను చెయ్యొచ్చు కదా అంటావు. ఫోనులో నువ్వు చెప్పేది నాకు వినపడదు, నేను అరిచేది ఊరంతా వినపడుతుంది. కాగితమైతే నోరు మూసుకుని ఉంటుంది.

మొన్న మోకాలి నొప్పికి ఆస్పత్రికి వెళ్ళాను. చీటీ రాసే అమ్మాయి పేరు అడిగింది, చెప్పాను. వయసు అడిగింది, కాస్త తగ్గించి చెప్పాను. ఎక్కడుంటారు అంది. నా వెనక వరసలో ఉన్నవాళ్ళంతా చెవులు ఇటే పెట్టారు. "మందుల షాపు వెనక" అన్నాను. "మందుల షాపు వెనక ఎక్కడండీ?" అంది. "అక్కడే" అన్నాను. "ఓహో, దొంగ సందా!" అని హాలంతా మోగేట్టు అని, బల్ల మీదున్న తన చేతిసంచీ తీసి ఒళ్ళో పెట్టుకుంది. కావాలని తీసిందో, అలవాటుగా తీసిందో తెలీదు. మోకాలి నొప్పి అక్కడికక్కడే పోయింది. గుండెలో పట్టుకుంది.

నేను పుట్టింది ఈ సందులో, మెట్టింది ఈ సందులో. గాలికి ఎగిరి పక్కింటి గోడ మీద పడ్డ నా చీరనే వాళ్ళని అడక్కుండా తీసుకోను. అలాంటిదానికి ఎవరో ఎప్పుడో పెట్టిన పేరు మొయ్యాల్సి వస్తోంది. ఈ పేరు పోయేదాకా నేను పోకూడదనుకుంటున్నాను. పోతే చావు కాగితంలో కూడా ఇదే రాస్తారు కదా.

అసలు విషయానికి వస్తాను. మన సందు సంఘానికి పెద్ద లెక్కల మాస్టారు. ఆయన వెళ్ళి పురపాలక ఆఫీసులో పేరు మార్చమని అర్జీ పెట్టారు. ఊరికే మార్చరట. పూర్వం ఈ సందులో గౌరవం గల మనిషి ఎవరన్నా ఉన్నట్టు పాత కాగితాల్లో రుజువు తెస్తే ఆయన పేరు పెడతారట. మాస్టారు ఇంటింటికీ వచ్చి "మీ పూర్వీకుల్లో గౌరవనీయులు ఎవరు?" అని అడిగారు. ఎవరి మొహాన చూసినా నేల చూపులే. అప్పుడు ఎదురింటి కుట్టుమిషను వదిన, "వీళ్ళ మనవరాలు పాత రికార్డుల ఆఫీసులోనే కదా ఉంది. వెతకమనండి!" అంది. ఆవిడ నోట్లో సూది ఉన్నా మాట ఆగదు.

మా ముత్తాతని పొడుగాయన అనేవారు. మన ఇంటిని ఇప్పటికీ పొడుగాయన ఇల్లనే అంటారు. తెల్లదొరల కాలం మనిషి. ఏం చేసేవాడని మా నాన్నని అడిగితే "పొడుగ్గా ఉండేవాడు" అనేవాడు. అంతకుమించి ఎవరికీ తెలీదు. ఆయన గురించి ఏదన్నా రాసి ఉందేమో చూడమ్మా. గొప్ప గౌరవం అక్కర్లేదు, బోర్డుకి సరిపోయేంత చాలు.

మీ ఆఫీసులో ఫ్యాను ఊగుతోందన్నావు, దాని కింద కూర్చోకు. దుమ్ము ముక్కులోకి పోకుండా రుమాలు కట్టుకో. జవాబు ఎప్పట్లాగే మందుల షాపు చిరునామాకి రాయి.

పొయ్యి కట్టేశానో లేదో చూడ్డానికి లేస్తూ,
అమ్మమ్మ

*

జూన్ 12

అమ్మమ్మా,

పొడుగాయన దొరికాడు!

తెల్లదొరల కాలంలో మన సందులో ఇల్లిల్లూ తిరిగి రాసిన జాబితా ఒకటి బయటపడింది. కుడివైపు సగం చెదలు తినేశాయి, ఎడమవైపు మిగిలింది. మొదటి ఇల్లు, వడ్రంగి. రెండవ ఇల్లు, నేతగాడు. మూడవ ఇల్లు, అంటే మనదే, పొడుగాయన. ఆ పక్కన ఏముందో తెలుసా? "దొర" అని ఉంది! అక్కడినుంచి చెదలు. కానీ ఆ రెండక్షరాలూ నల్లగా, స్పష్టంగా ఉన్నాయి.

వడ్రంగికి వడ్రంగి అని, నేతగాడికి నేతగాడని రాసినవాళ్ళు ఆయనకి దొర అని రాశారంటే ఏమిటర్థం? నువ్వు దొరగారి మునిమనవరాలివి అమ్మమ్మా! ఇక ఆస్పత్రిలో తలెత్తుకుని చెప్పు.

ఫ్యాను కింద కూర్చోవడం లేదు. ఫ్యానే తీసేశారు. ఉడికిపోతున్నాం.

దొరసాని మునిమనవరాలికి కూతురి కూతురు,
పిచ్చుక

*

జూన్ 17

పిచ్చుకా,

నీ ఉత్తరం మందుల షాపులోనే విప్పాను, అక్కడే కూర్చుండిపోయాను. షాపాయన మంచినీళ్ళిచ్చి, పనిలో పనిగా ఓ బలం మందు సీసా కూడా అంటగట్టాడు.

దొర అంటే ఏమిటే? తెల్లవాడా? మా ముత్తమ్మ తెల్లవాణ్ణి చేసుకుందా? ఇంట్లో ఎవరూ ఒక్క మాట అనలేదే! ఆలోచిస్తుంటే అన్నీ గుర్తొస్తున్నాయి. మా అక్క కొడుక్కి పిల్లికళ్ళు. మా నాన్నకి కోపం వస్తే మొహం ఎర్రబడేది. నాకు ఎండ పడదు, ఇన్నాళ్ళూ పైత్యం అనుకున్నాను. ఇప్పుడు ఎవరన్నా వచ్చి మీరు ఇక్కడివాళ్ళు కాదు, మీ దేశం పొండి అంటే ఏం చెయ్యాలి? నాకు ఎండే కాదు, చలి కూడా పడదు. పిల్లిని రానిస్తారో లేదో.

ఎవరికీ చెప్పకూడదనుకున్నాను. ఒక్క వదినకే చెప్పాను. చెప్పి ఇంటికొచ్చి చెప్పులు విప్పేలోపల లెక్కల మాస్టారు గుమ్మంలో ఉన్నారు. "అమ్మా, సందు పరువు నిలబెట్టారు" అని దణ్ణం పెట్టారు. నేను కాదు, చెదలు నిలబెట్టాయన్నాను. నువ్వు సంతకం, ముద్ర వేసి ఆ కాగితం నకలు పంపించాలట. ఆఫీసులో ఇస్తే వెంటనే బోర్డు రాయిస్తారట.

వదిన పద్ధతే మారిపోయింది. పంపు దగ్గర "జరగండి జరగండి, ముందు దొరగారి వాళ్ళని పట్టుకోనివ్వండి" అంటుంది. వెటకారమో మర్యాదో తెలీదు కానీ బిందె మాత్రం ముందు నిండుతోంది. "దొరల ఇంటి ఆడవాళ్ళు ఇలా వంగి నడుస్తారా వదినా? నిటారుగా నడు" అంది. నిటారుగా నడిచి చూశాను, మురిక్కాలవ కనపళ్ళేదు. చెప్పు అందులోనే ఉండిపోయింది.

ఆయన తెల్లవాడా కాదా, అది ఒక్కటి ముందు తేల్చు.

మీ ఆఫీసులో చెదలు ఉన్నాయన్నావు. అవి కుర్చీలు కూడా తింటాయి. కూర్చునేముందు చేత్తో నొక్కి చూసుకో.

ఒంటి చెప్పుతో,
అమ్మమ్మ

*

జూన్ 24

అమ్మమ్మా,

ఆయన తెల్లవాడు కాదు, నిన్ను ఎవరూ ఎక్కడికీ పంపరు. దొర అంటే పెద్దమనిషి అని కూడా అర్థం. మీ అక్క కొడుక్కి పిల్లికళ్ళు వాళ్ళ నాన్న వైపు నుంచి వచ్చాయి, ఆయన్ని నేను చూశాను.

మాస్టారు అడిగారు కదా అని సంతకం, ముద్ర వేసి నకలు పంపాను. కానీ ఆయనకి ఒక్క మాట చెప్పు, తొందరపడవద్దని. రెండో ప్రతి పై ఆఫీసులో ఉందని ఇవాళే తెలిసింది. అది దొరికితే అసలు సంగతి పూర్తిగా తెలుస్తుంది. పంపమని రాశాను.

కుర్చీ నొక్కి చూశాను. చెయ్యి విరిగింది. కుర్చీది.

పిచ్చుక

*

జూలై 1

పిచ్చుకా,

నీ ఉత్తరం చదివి రెండు రోజులు అన్నం సయించలేదు. రెండో పతా? మా ముత్తమ్మకా? నా చత్వారం కళ్ళద్దాలతో చదివాను, తీసేసి చదివాను, రెండో పతి అనే ఉంది. పై ఆఫీసులో ఉన్నాడని కూడా రాశావు. పెద్ద ఉద్యోగమా? పొడుగాయన ఉండగానేనా, పోయాకనా? ఈ సంగతి మా నాన్నకి తెలుసా? అందుకేనా ఎప్పుడడిగినా "పొడుగ్గా ఉండేవాడు" అని మాట దాటేసేవాడు?

ఆ రెండో పతిని దయచేసి వెతక్కు. పంపమని రాశావట. ఎవరు పంపినా రాకుండా చూడు. పాపం, ముత్తమ్మ ఏ కష్టంలో చేసిందో. ఒక్క వదినకి కూడా చెప్పలేదు, చూడు, అంత పెద్ద విషయం ఇది.

పైగా ఇక్కడ బోర్డు తయారైపోయింది. నీలం రంగు మీద తెల్ల అక్షరాలు, "దొరగారి సందు" అని. మందుల షాపులో గోడకి ఆనించి గుడ్డ కప్పి పెట్టారు. ఆ గుడ్డ వదినే కుట్టింది, అంచు కూడా వేసింది. జూలై పద్దెనిమిదిన సభ. పురపాలక ఆఫీసరు వస్తాడట. గుడ్డ లాగేది నేనట. లాగి ఊరుకోకుండా ముత్తాత గొప్పతనం గురించి నాలుగు ముక్కలు చెప్పాలట. ఒక్క ముక్కే తెలుసు, పొడుగ్గా ఉండేవాడని. మిగతా మూడూ నువ్వే రాసి పంపు.

నిజం చెప్పనా? నిన్న సాయంత్రం షాపులోకి వెళ్ళి, ఎవరూ చూడకుండా గుడ్డ ఓ మూల ఎత్తి చూశాను. చాలాసేపు చూశాను. నీ మీద ఒట్టు, అంతసేపూ ఏ బెంగా గుర్తు రాలేదు. మళ్ళీ గుడ్డ దించాక, బోర్డుకి మేకు సరిగా కొట్టకపోతే ఎవరి నెత్తిన పడుతుందో అని బెంగ పట్టుకుంది.

రెండో పతిని ఆపు.

నీ జవాబు కోసం షాపు చుట్టూ తిరుగుతూ,
అమ్మమ్మ

*

జూలై 5

అమ్మమ్మా,

పతి కాదు, ప్రతి. ప్రతి అంటే నకలు, అదే కాగితానికి ఇంకో కాపీ. ముత్తమ్మకి ఒక్కడే మొగుడు. దయచేసి అన్నం తిను.

ఆ రెండో ప్రతి వచ్చింది. దీనికి చెదలు పట్టలేదు. కూర్చుని చదువు. మంచినీళ్ళు దగ్గర పెట్టుకో.

మూడో ఇంటి వరస పూర్తిగా ఇలా ఉంది: "పొడుగాయన, దొరకలేదు."

దొర కాదు అమ్మమ్మా, దొరకలేదు. మిగతా మూడక్షరాలూ చెదల కడుపులో ఉన్నాయి. అది ఊరి జనం లెక్క కాదు, సోదా చేసిన జాబితా. అప్పటి తెల్లదొరగారి గొలుసు ఎత్తుకుపోయినందుకు ఆయన కోసం సందంతా వెతికారు. నాలుగు పేజీలున్నాయి, అక్షరాలు మరీ గజిబిజి, మిగతావి చదువుతున్నాను.

తప్పు నాదే. సంతోషంలో తొందరపడ్డాను. సంతకం పెట్టిచ్చిన కాగితం తప్పని పురపాలక ఆఫీసుకి రాయాలి. అలా రాస్తే బోర్డు ఆగిపోతుంది. నీకు చెప్పకుండా రాయడానికి చెయ్యి రావడం లేదు. నువ్వు ఊ అంటే రాస్తాను.

తిట్టు, పడతాను.
పిచ్చుక

*

జూలై 9

పిచ్చుకా,

ఎంత పని చేశావే! ఇన్నేళ్ళుగా ఎవరికీ దొరకని మనిషిని, సొంత మనవరాలివై ఉండి, నువ్వు పట్టించావా? పైగా "దొరికాడు" అని సంబరంగా రాశావు కూడా!

దొరకలేదంటే, ఇంకా వెతుకుతున్నట్టేనా? కేసు కొట్టేశారా, కట్టలు కట్టి ఎక్కడన్నా పెట్టుకున్నారా? నిన్న ఖాకీ చొక్కా మనిషి గుమ్మంలోకి వస్తే నేను వెనక గదిలోకి వెళ్ళి తలుపేసుకున్నాను. వెళ్ళిపోయాక చూస్తే గ్యాసు బండ తెచ్చినవాడు. బండ తిరిగి తీసుకుపోయాడు. ఇప్పుడు వంటకి వదిన పొయ్యే దిక్కు.

అయినా గొలుసు ఏమిటే, దరిద్రం కాకపోతే! దొరగారి మెడలోదా, దొరసాని మెడలోదా? పెద్ద మనిషై ఉండి ఆడమనిషి మెడ మీద చెయ్యి వేశాడా? పొడుగ్గా ఉండేవాడు కనక సులువుగా అంది ఉంటుంది. నా మెడలో అమ్మ ఇచ్చిన గొలుసు ఉంది కదా. అమ్మకి ఎవరిచ్చారు? అమ్మమ్మకి ఎవరిచ్చారు? ఆలోచించి ఆలోచించి దాన్ని తీసి కందిపప్పు డబ్బాలో పెట్టాను. వదిన చూసి "గొలుసేదీ?" అంది. ఏ గొలుసు అన్నాను. "ఏ గొలుసేమిటి, రోజూ వేసుకునేది!" అంది. ఏ గొలుసూ లేదు, నాకే పాపం తెలీదు అని ఏడ్చాను. ఆవిడ దొంగలు పడ్డారనుకుని మాస్టార్ని పిలిచింది. ఆయన సందు చివర కాపలా పెట్టారు. దొంగ సందు పేరు పోయే ముందు సరిగ్గా దొంగలే పడాలా అని అందరూ వాపోతున్నారు.

నువ్వు ఊ అనమన్నావు. అనను. బోర్డు అంత బాగుంది. వదిన గుడ్డకి అంచు కూడా వేసింది. సభ అయిపోయాక రాస్తే కాదా? కాదులే. నీ సంతకం ఉంది దాని మీద. నా పేరు బాగుపడ్డం కోసం నీ సంతకం పాడు చేస్తానా? రాసెయ్. ఇవాళే రాసెయ్. కాకపోతే కాస్త మెల్లగా వెళ్ళే టపాలో వెయ్యి.

నేను ఈ మొహం ఎవరికీ చూపించలేను. పద్దెనిమిదో తారీకున నాకు జ్వరం వస్తుంది, ఇప్పుడే చెప్తున్నాను.

దొంగగారి మునిమనవరాలు,
అమ్మమ్మ

*

జూలై 13

అమ్మమ్మా,

ముందు పప్పు డబ్బాలోంచి గొలుసు తీసి మెళ్ళో వేసుకో, పప్పుతో పాటు ఉడుకుతుంది. మాస్టారికి చెప్పి కాపలా తీయించు.

అది మెడలో గొలుసు కాదు! భూమి కొలిచే ఇనప గొలుసు. ఊరి బయట చేలన్నీ కొలిచి శిస్తు పెంచాలని దొర దాన్ని ఎక్కణ్ణుంచో తెప్పించాడు. కొలత మొదలుపెట్టే రోజు పొద్దున లేచి చూస్తే గొలుసు లేదు. మళ్ళీ కొత్తది వచ్చేదాకా కొలతే లేదు. మిగతా పేజీలన్నీ చదివేశాను, ఉన్నది ఉన్నట్టు రాస్తున్నాను:

"మొదటి ఇల్లు, వడ్రంగి, చూడలేదనెను. రెండవ ఇల్లు, నేతగాడు, చూడలేదనెను. మూడవ ఇల్లు, పొడుగాయన, దొరకలేదు. భార్య, అట్టి మనిషిని ఎరుగననెను."

చూశావా, ముత్తమ్మ మొగుణ్ణే ఎరగనంది! చివరిదాకా అన్ని ఇళ్ళూ చూడలేదనే అన్నాయి. ఆఖర్న ఇలా ఉంది:

"గొలుసు తునకలు మాత్రము ఇంటింటను బావిచేదలకు గట్టి యున్నవి. ఎట్లు వచ్చెనని అడుగగా ఎరుగమనిరి. ఇందుమూలముగా యీ సందు యావత్తును దొంగ సందని వ్రాయించడమైనది."

అంటే ఆ పేరు ఊరివాళ్ళు పెట్టింది కాదు. కడుపు మండి ఆ దొరే పెట్టాడు.

పురపాలక ఆఫీసుకి నిన్ననే రాశాను, మెల్లగా వెళ్ళే టపాలో కాదు. కానీ వాళ్ళ బల్లల మీద కాగితం కదలాలంటే చాలా టైము పడుతుంది. సభ ఆగదు. కాబట్టి ఆ రోజు నాలుగు ముక్కలు చెప్పాల్సింది నువ్వే. జ్వరం తెచ్చుకోకు. నాకు సెలవు దొరకలేదు. ఈసారి నిజంగానే దొరకలేదు.

ముద్దులతో,
పిచ్చుక

*

జూలై 20

పిచ్చుకా,

సభ అయింది. ఇంకా అవుతూనే ఉంది అనాలేమో, వీధిలో ఇప్పటికీ అరుచుకుంటున్నారు.

జ్వరం రాలేదు. తెల్లారినప్పట్నుంచి నుదురు పట్టుకుని చూసుకుంటూనే ఉన్నాను. గొలుసు మెళ్ళో వేసుకుని, నీ ఉత్తరం రవికలో పెట్టుకుని వెళ్ళాను. సందు మొదట్లో కుర్చీలు వేశారు. పురపాలక ఆఫీసరు గడియారం చూసుకుంటున్నాడు. మాస్టారు "దొరగారి వంశాంకురం" అని నన్ను పైకి పిలిచారు. లేచి వెళ్ళబోతే చీర కుచ్చిళ్ళు కాలికి అడ్డంపడ్డాయి. పట్టుకోడానికి ఏమీ కనపడక గుడ్డ పట్టుకున్నాను. అది ఊడి వచ్చేసింది. అందరూ చప్పట్లు కొట్టారు.

బోర్డు వైపు చూశాను. ఎంత తెల్లగా ఉన్నాయో ఆ అక్షరాలు. ఇంకో నిమిషం చూస్తే మనసు మారిపోతుందని, ఇటు తిరిగి, "మా ముత్తాత దొర కాదండీ, దొరకలేదంతే" అన్నాను.

ఎవరికీ అర్థం కాలేదు. మాస్టారు "వినయం, వినయం" అన్నారు. వినయం కాదు మాస్టారూ, దొంగతనం అని నీ ఉత్తరం తీసి ఆయన చేతిలో పెట్టాను. ఆయన పైకి చదివారు. "ఎరుగననెను" దగ్గర ఎవరో కిసుక్కుమన్నారు. "దొంగ సందని వ్రాయించడమైనది" అని ఆపేసరికి ఆఫీసరు కూడా గడియారం చూసుకోవడం మానేశాడు. ఇంక రాళ్ళు పడతాయని నేను కుర్చీ వెనక్కి వెళ్ళాను.

అప్పుడు వదిన లేచింది. "మాస్టారూ, ఆ రెండో ఇల్లు మళ్ళీ చదవండి."

"రెండవ ఇల్లు, నేతగాడు, చూడలేదనెను."

"ఆయన మా ముత్తాతే! మా ముత్తాత దొర మొహం మీద చూడలేదన్నాడు! విన్నారా అందరూ?" అని కొంగు బిగించింది.

ఇంక చూసుకో. మొదటింటి వాళ్ళు "ముందు చూడలేదన్నది మా వడ్రంగి తాత, మీవాడు మమ్మల్ని చూసి అన్నాడు" అన్నారు. ఆ పక్కవాళ్ళు గొలుసులో పెద్ద ముక్క మా బావిదేనన్నారు. చివరింటావిడైతే పొడుగాయన దాక్కుంది మా గాదెలోనే అంది. అంత పొడుగువాడు మీ గాదెలో ఎలా పట్టాడని వదిన అడిగితే, మడిచి పెట్టాం అంది! నిన్నటిదాకా గౌరవనీయులెవరంటే నేల చూపులు చూసినవాళ్ళే పిచ్చుకా వీళ్ళంతా.

ఆఫీసరు "బోర్డు సంగతేం చేద్దాం మరి?" అన్నాడు. బోర్డు రాసినవాడు "దొరగారి సందులో 'గారి' చెరిపి 'కని' రాసేస్తా, ఒక్క నిమిషం పని" అన్నాడు. దొరకని సందు. అందరికీ నచ్చింది కూడా. గ్యాసు బండ అబ్బాయే అడ్డం పడ్డాడు, "ఇప్పటికే ఈ ముసలమ్మగారి ఇంట్లో మనుషులు దొరకడం లేదు, ఇంక సందు కూడా దొరకదంటే బండ ఎవరికెయ్యాలి?" అని. వదిన తేల్చేసింది. "దొర పెట్టిన పేరే ఉంచండి. కడుపు మండి పెట్టాడు కదా, అది ఇంకా మండుతూనే ఉండాలి."

పాత బోర్డు వెతికి తెచ్చి, తుడిచి, మళ్ళీ కొట్టారు. దొంగ సందు. మేకులు నేనే దగ్గరుండి కొట్టించాను, గట్టిగా.

నీ సంతకం గురించి ఆఫీసర్ని అడిగాను. "తప్పుని తనే దిద్దుకుందిగా, ఫరవాలేదమ్మా" అన్నాడు. అయినా నువ్వు నెల రోజులు అందరికంటే ముందు ఆఫీసుకి వెళ్ళు.

హమ్మయ్య అనుకుని పడుకున్నానా, ఇవాళ పొద్దున్న కొత్త గొడవ. వెనక గుమాస్తాల వీధి వాళ్ళు పురపాలక ఆఫీసులో అర్జీ ఇచ్చారట. పొడుగాయన మన పెరటిగోడ దూకి వాళ్ళ వీధిలోకే పారిపోయాడట, దొరకనివ్వకుండా కాపాడింది వాళ్ళేనట, కాబట్టి ఆ పేరు వాళ్ళ వీధికే చెందాలట! ఇన్నేళ్ళూ మన సందులోకి రావాలంటే జేబులు పట్టుకుని వచ్చినవాళ్ళు! వదిన కత్తెర పట్టుకుని గోడ దగ్గర నిలబడి ఉంది. మాస్టారు ఆ గోడ ఎత్తు కొలుస్తున్నారు.

మన దొంగని వాళ్ళు ఎత్తుకుపోతున్నారే పిచ్చుకా! ఆ నాలుగు పేజీలూ మళ్ళీ చదువు, మూలమూలా చదువు. ఆయన గోడ దూకలేదనీ, మన ఇంట్లోనే, మన ఇంట్లో వాళ్ళే దాచారనీ ఎక్కడో ఓ మాట ఉండే ఉంటుంది. లేకపోతే మూడో ప్రతి వెతుకు. ఈసారి పతి అని చదవనులే.

మన దొంగ కోసం పెరటి తలుపు గడియ పెట్టుకుని కూర్చున్న,
అమ్మమ్మ